భద్రమ్మ పంజాకు కుదిరిన యాప్

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక రాజు, ఆ రాజుకు ఒక సింహాసనం, సింహాసనం పక్కనే ఫోను ఛార్జింగు పెట్టుకునే చోటు. నవ్వకండి మరి. మీ ఇంట్లో ఉండగా లేని తప్పు అడవిలో ఉంటే వచ్చిందా?

ఆ రాజు గంభీరుడనే సింహం. మనసు మంచిదే కానీ తొందర జాస్తి. పొద్దున అనుకున్నది మధ్యాహ్నానికల్లా అయిపోవాలి, సాయంత్రం దానికి డప్పులు మోగాలి.

ఆ అడవిలో చారుమతి అనే ఉడుత ఫోన్లకు యాప్‌లు తయారుచేసేది. నేరేడు చెట్టు తొర్రలో, తోక మెడకు చుట్టుకుని పనిలో కూర్చుందంటే ఆకలి కూడా గుర్తుండేది కాదు. ఆ పనంటే ఆమెకు అంత ఇష్టం. చేసిన వాటిలోకెల్లా ఇష్టమైనది వాగు యాప్.

అడవి మధ్యన ఒక కొండవాగు ఉంది. వాన పడితే చెప్పాపెట్టకుండా పొంగుతుంది. ఒడ్డున పల్లంలో కుందేళ్ల బొరియలున్నాయి. అందుకని ఎగువన మద్దిచెట్టు మీద భద్రమ్మ అనే ఎలుగుబంటి కాపలా ఉండేది. నీళ్లు పెరగగానే ఆమె వాగు యాప్‌లో బటన్ నొక్కేది. పల్లంలో ఫోన్లన్నీ గణగణ మోగేవి. కుందేళ్లు పిల్లల్ని తీసుకుని గట్టెక్కేవి.

అలా జరగాలి. కానీ ఫోను చిన్నది, భద్రమ్మ పెద్దది. హెచ్చరిక పంపబోతే ఒకసారి పాట మొదలైంది. ఇంకోసారి ఆమె ఫొటో అడవంతటికీ వెళ్లింది.

"ఫొటో బాగుంది భద్రక్కా, మరి వాగు సంగతేంటి?" అని కుందేళ్లు అడిగాయి. నవ్వుతూనే అడిగాయి గానీ లోపల భయమే. ధవళ అనే కుందేలుకైతే అప్పుడే పిల్లలు పుట్టాయి. ఇంకా కళ్లయినా తెరవలేదు.

సంగతి తెలిసి రాజు ఒక టాబ్లెట్ తెప్పించాడు. "చారుమతీ! వానలు దగ్గరపడ్డాయి. దీనికి తగినట్టు యాప్ సిద్ధం చెయ్యి. పున్నమికి ప్రారంభోత్సవం" అన్నాడు.

మంత్రి మృదువచనుడు నక్క. సన్నగా నవ్వి, "ఇదెంత పని ప్రభూ! టాబ్లెట్ అంటే పెద్ద ఫోనేగా. ఉన్నదాన్నే సాగదీస్తే సరి" అన్నాడు.

చారుమతి కూడా అలాగే అనుకుంది. పాపం, యాప్‌లు చేసేవాళ్లకు మొదట అలాగే అనిపిస్తుంది. సాగదీసింది. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. బటన్ పోయి పై మూలన కూర్చుంది. సభలో చూపిస్తే, దాన్ని అందుకోబోయి భద్రమ్మ టాబ్లెట్‌ను జారవిడిచింది. కింద గడ్డి ఉంది కాబట్టి పగల్లేదు.

"ఇంత చోటుందిగా, నింపేద్దాం" అనుకుంది చారుమతి రెండోసారి. ఒకపక్క అడవి పటం, ఒకపక్క కదిలే మబ్బులు, కింద నీటిమట్టం చూపే గీతలు పెట్టింది. తొర్రలో నున్నటి చెక్క మీద పెట్టుకుని చూస్తే ఆమెకే ముద్దొచ్చింది. సభంతా చప్పట్లు కొట్టింది. భద్రమ్మ మాత్రం తెర వంక చూసి చూసి, "చాలా బాగుంది తల్లీ. ఇందులో నేను నొక్కేదెక్కడో కాస్త చెప్పవూ?" అంది.

చారుమతి మొహం చిన్నబోయింది. అయినా భద్రమ్మ మీద కోపం తెచ్చుకోలేదు. అందుకే నాకు ఆ ఉడుతంటే ఇష్టం.

పున్నమి వచ్చేసింది. డప్పులవాళ్లు సభ ముందు సిద్ధంగా ఉన్నారు. చారుమతి లేచి నిలబడి, "మహారాజా, యాప్ ఇంకా కుదరలేదు" అంది.

"అందరూ బాగుందన్నారే!" అన్నాడు రాజు.

"చూడ్డానికి బాగుంది ప్రభూ. వాగు పొంగినప్పుడు పనికిరాదు. దీన్నే నమ్ముకుంటే కుందేళ్ల పిల్లలు మునిగిపోతాయి."

"చేతకానివాళ్లు చెప్పే మాటలివి మహారాజా" అన్నాడు నక్క.

రాజుకు తల కొట్టేసినట్టయింది. "వాగు పొంగేలోగా కుదిర్చావా సరే. లేదంటే ఆ తొర్ర ఖాళీ చేసి నా అడవి దాటి పో!" అని గర్జించాడు.

ఆ తొర్ర చారుమతి పుట్టిల్లు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తిన్నగా మద్దిచెట్టెక్కి భద్రమ్మ పక్కన కూర్చుంది. అప్పుడే తుంపర మొదలైంది.

అక్కడ కూర్చుంటే గానీ ఆమెకు అసలు సంగతి తెలియలేదు. భద్రమ్మ ఒక చేత్తో మానును కౌగిలించుకుని ఉంది. పట్టు తప్పితే నేరుగా వాగులోకే. రెండో చేత్తో టాబ్లెట్ పట్టుకుంది.

"మరి బటన్ దేంతో నొక్కుతావక్కా?"

"ముక్కుతో తల్లీ" అంది భద్రమ్మ సిగ్గుపడుతూ. "నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

చారుమతికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తన తొర్రలో, తన చెక్క మీద, తన చిట్టి వేళ్లతో నొక్కి చూసుకుని బాగుందనుకుంది. ఈ చెట్టు ఒక్కసారైనా ఎక్కి చూసిందా?

వెంటనే టాబ్లెట్‌ను భద్రమ్మ మొహానికెదురుగా మానుకు తీగలతో కట్టేసింది. ఆమెకు ఒక చెయ్యి ఖాళీ అయింది. తర్వాత పటం తీసేసింది, మబ్బులు తీసేసింది, గీతలు తీసేసింది. తీస్తున్నప్పుడు బాధేసింది గానీ తీసేసింది. తెరంతా ఒకటే బటన్. దాని మీద వాన చినుకు పడగానే హెచ్చరిక మోగబోయింది. అందుకని పంజా కాసేపు ఆనించి ఉంచితేనే మోగేట్టు మార్చింది. చినుకులు జారిపోతాయి, పంజా నిలుస్తుంది.

చూడ్డానికొచ్చిన నక్క, "ఇందులో ఏముందని? ఏమీ లేదుగా!" అని పెదవి విరిచాడు.

ఆ మాట పూర్తికాకుండానే కొండల్లో కురిసిన నీరు ఎర్రగా సుడులు తిరుగుతూ వచ్చిపడింది. భద్రమ్మ పంజా చాపి తెర మీద ఆనించింది. పల్లంలో ఫోన్లన్నీ మోగాయి. ధవళ ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని గట్టు మీదికి చేర్చింది. ఆఖరి పిల్లను దించి వెనక్కి తిరిగేసరికి బొరియలోకి నీళ్లు దూకుతున్నాయి.

రాజు పరుగున వచ్చి చూశాడు. గట్టు మీద తడిసిన కుందేలు పిల్లలు ఒకదాన్నొకటి హత్తుకుని వణుకుతున్నాయి. ఒక్కటీ తగ్గలేదు. తల దించుకుని, "చారుమతీ, నువ్వు సభలో సరేనని ఉంటే..." అని ఆగిపోయాడు.

"ఇప్పుడా మాటెందుకు మహారాజా, అందరూ గట్టెక్కారుగా" అంది ఉడుత. ధవళ వచ్చి ఒక పిల్లను ఆమె ఒడిలో పెట్టింది. వెచ్చదనం తగలగానే అది నిద్రపోయింది.

కాబట్టి పిల్లలూ, ఎవరికోసం ఏ వస్తువు చేసినా, మన చేతికి కాదు, దాన్ని వాడేవాళ్ల చేతికి నప్పేట్టు చెయ్యాలి. నప్పనప్పుడు నప్పలేదని ధైర్యంగా ఒప్పుకోవాలి.