చెడ్డ స్ట్రిప్పులు

మునిలతకి ఆ రోజు నేల మీద కాలు నిలవడం లేదు. పాలలో పశువుల మందు మిగిలి ఉందో లేదో క్షణాల్లో చెప్పే స్ట్రిప్పు తయారుచేసింది మరి! షుగరు చూసుకునే స్ట్రిప్పులాంటిదే. పాలచుక్క వేస్తే సన్నగా కరెంటు పారుతుంది. పాలలో మందుంటే ఆ కరెంటు తగ్గిపోతుంది.

ఈ పని ఆమె ఊరికే ఎత్తుకోలేదు. పొదుగువాపుకి సూదేసిన ఆవు పాలు తాగి, వాళ్ల తమ్ముడు గిరి ఒళ్లంతా దద్దుర్లెక్కి, ఊపిరాడక, చావు తప్పి బయటపడ్డాడు. ఆ మందు వాడికి పడదు. తెల్లారితే స్ట్రిప్పులు పాలకేంద్రానికి వెళ్లాలి. గిరి ఉండే హాస్టలుకి పాలు అక్కణ్ణించే పోతాయి.

"ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు సార్!" అంది, తనకి పరిశోధన నేర్పుతున్న సత్తార్ సారుతో.

"పారేసినవేమైనా ఉన్నాయామ్మా?"

"కొన్ని చెడ్డ స్ట్రిప్పులు సార్. చెత్తబుట్టలో వేసేశా."

"చెడ్డవని ఎట్లా తెలిసింది?"

"మందు లేని పాలకి ఉందన్నాయి. ఉన్నవాటికి లేదన్నాయి. పాలలో మందు కలిపింది నేనే కదా సార్, నాకు తెలీదా?"

తప్పు చేస్తున్నానని ఆ పిల్లకి తట్టనే లేదు, పాపం. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే నూటికి నూరు రాక చస్తాయా!

సత్తార్ సారు కుర్చీలోంచి లేచారు. పక్కగదిలోకి వెళ్లి, రెండు స్టీలు గ్లాసుల్లో పాలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఒకదాంట్లో మందు కలిపా. ఏదో చూడు," అన్నారు.

మునిలత హుషారుగా చుక్క వేసింది. మొదటి గ్లాసులో మందు లేదంది స్ట్రిప్పు. నమ్మకం కోసం ఇంకోటి వేస్తే ఉందంది! రెండో గ్లాసుదీ అదే వరస. మళ్లీ వేసింది, మళ్లీ వేసింది.

"ఏ గ్లాసులో కలిపారో చెప్పండి సార్. చెడ్డ స్ట్రిప్పులేవో ఇట్టే తీసేస్తా."

"నన్నడిగితే ఎట్లాగమ్మా? ఇందులో ఏది గిరికి ఇద్దాం?"

మునిలత ఒక గ్లాసు మీద చెయ్యి వేసింది. తీసేసింది. రెండోదాని వైపు చూసింది. తమ్ముడి వాచిన మొహం కళ్లముందు నిలబడింది.

సారు రెండు గ్లాసులూ తీసుకుని సింకులో వంచేశారు. ఏది ఏదో చెప్పలేదు.

ఆమె కూడా అడగలేదు. చెత్తబుట్ట తెచ్చి బల్ల మీద బోర్లించింది. పారేసిన స్ట్రిప్పులు ఒక్కొక్కటీ ఏరి, వెలుతురుకి పెట్టి చూసింది. వాటి మీద పాలమీగడ పల్చగా అంటుకుని ఉంది. కరెంటుని అదే తారుమారు చేస్తోందేమో! ఇన్నాళ్లూ అటు కన్నెత్తి చూస్తే కదా.

ఇంతలో పాలకేంద్రం మేనేజరు ఫోను.

"ఏమ్మా, రేపు పంపిస్తున్నారు కదా?"

"లేదండీ."

"అయ్యో! మరెప్పుడు?"

మునిలత ఖాళీ గ్లాసుల వైపు చూసింది.

"ఎవర్నీ అడక్కుండా మా తమ్ముడికి గ్లాసు అందించగలిగిన రోజున," అని ఫోను పెట్టేసి, స్టూలు దగ్గరికి లాక్కుంది.