కొంగ చెప్పిన ఆనవాలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఓ రోజు ధూమ్రకేశుడనే మాంత్రికుడు రాణిగారిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉందట. ఆ చిలుక దొరికితేనే అమ్మ దొరుకుతుంది.

పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. "అమ్మ లేకుండా ఈ గడప తొక్కను" అని ఒట్టు పెట్టుకుని మూడోవాడు సోమకీర్తి బయలుదేరాడు.

రేవులో పడవ నడిపే నూకాలు అతన్ని ఆపింది. "ఎవరు, ఎక్కడికి, ఎందుకు? మూడూ చెప్పాలి బాబూ. నేను విన్నది మళ్ళీ నీకు చెప్తాను, నువ్వు ఔనంటేనే తాడు విప్పుతాను. మా రేవు ఆచారం ఇది. నడిసముద్రంలో 'నేనలా అనలేదు' అంటే ఏం చేసేది? మీ అన్నలు మాత్రం, రాకుమారులకు ప్రశ్నలేమిటని వేరే పడవెక్కారు."

సోమకీర్తి నొచ్చుకోకుండా మూడూ చెప్పాడు. ఆమె తిరిగి చెప్పింది. పడవ కదిలింది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

అవతలి ఒడ్డున పెద్ద చెరువు. నీళ్ళలో రెండు రాతిబొమ్మలు. చూస్తే అన్నలే!

గట్టున నిలబడ్డ కొంగ అతన్ని ఎగాదిగా చూసింది. "చిలుక కోసమేనా? నేను చెరువులో చిలుకను చూశాను. మీ వాళ్ళకూ అదే చెప్పాను. వినీ వినగానే దూకేశారు."

దూకబోయిన సోమకీర్తికి నూకాలు పద్ధతి గుర్తొచ్చింది. "ఆగు. చెరువులో ఉన్నది ఎవరు? నువ్వా, చిలుకా?"

"ఒకసారి చెప్పింది చాలదా?" అని కొంగ విసుక్కుని ఎగిరిపోయింది.

సోమకీర్తి వదల్లేదు. కొంగ వెంట మొదటిరోజు ముళ్ళపొదల్లో పడి నడిచాడు. రెండోరోజు బురదలో నడిచాడు. మూడోరోజు పాదాలు నెత్తురు కారుతున్నా నడిచాడు.

"అబ్బ, నువ్వు మనిషివా, జలగవా?" అని కొంగ వాలిపోయింది. "చెరువులో చేపలు పడుతున్నది నేనయ్యా! అక్కణ్ణుంచి చూస్తే గట్టు మీది తాటిచెట్టు తొర్రలో చిలుక కనిపించింది. మనుషులు దిగితే ఆ నీళ్ళు రాయిని చేస్తాయి."

"నీళ్ళలో నువ్వు, తొర్రలో చిలుక. ఔనా?"

"ఔను మహానుభావా, ఔను!"

సోమకీర్తి వెనక్కి వచ్చి తాటిచెట్టెక్కి చిలుకను పట్టుకున్నాడు. పట్టుకోగానే అది నిప్పుకణికలా మండి అరచేయి కాల్చింది. అతను పళ్ళు బిగించి పట్టు ఇంకా బిగించాడు. ఇంతలో మాంత్రికుడు రంకెలేస్తూ వచ్చి, "వదిలెయ్, సగం రాజ్యమిస్తాను!" అన్నాడు.

"నాకు రాజ్యం వద్దు, మా అమ్మ కావాలి" అని సోమకీర్తి చిలుక మెడ విరిచాడు. మాంత్రికుడు కుప్పకూలాడు. అన్నలు మనుషులై ఒడ్డుకు వచ్చారు, తమ్ముణ్ణి చూసి సిగ్గుతో తలలు దించుకున్నారు. చెరువు వెనకాల ఉన్న కొండగుహ తలుపు తెరుచుకుని రాణిగారు బయటికి వచ్చింది.

ఊరు చేరాక సోమకీర్తి నూకాలును పెళ్ళాడాడు. ప్రజలు కోరి కోరి అతనికే పట్టం కట్టారు. కళకళలాడే పిల్లలతో, వేళకు కురిసే వానలతో అరవై ఏళ్ళు ఏలారు వాళ్ళు. కానీ ఆ రోజు గుహ ముందు, అంతటి మొండివాడూ, కాలిన అరచేతిని అమ్మ ఉఫ్ ఉఫ్ అని ఊదుతుంటే వెక్కి వెక్కి ఏడ్చాడు.