ఉరవడి అడిగి తీసుకున్న అలసట

ఒకప్పుడు గుర్రానికి ఆగడం తెలియదు. నిజం. పరుగెత్తుతూనే గడ్డి కొరికేది, పరుగెత్తుతూనే ఏట్లో మూతి ముంచేది, పరుగెత్తుతూనే కునుకు తీసేది. దేవుడు జంతువులన్నిటికీ అలసట పంచిన రోజున గుర్రం కాసేపు నిలబడితేగా దానికీ కాస్త దక్కేది.

ఆ రోజుల్లో ఉరవడి అనే ఆడగుర్రం ఉండేది. దానికి తోడు సూర్యుడే. ఆయన పైన, ఇది కింద. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ రోజుకొకసారి ప్రపంచం చుట్టి వచ్చేవాళ్ళు. ఎప్పుడూ ఆయన వెంటే ఉండేది కాబట్టి, పాపం, చీకటి ఎలా ఉంటుందో కూడా ఉరవడికి తెలియదు.

వాళ్ళ దారిలో ఒక బురదమడుగు ఉండేది. అందులో నిమ్మళమ్మ అనే గేదె మెడదాకా మునిగి నెమరేస్తూ ఉండేది. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఉరవడి అటుగా వచ్చేది.

"ఏం వదినా, నిన్నా ఇక్కడే ఉన్నావు" అని వేళాకోళం చేసేది.

నిమ్మళమ్మ నోట్లోది మింగి, "మొన్నా ఇక్కడే ఉన్నాను" అనేసరికి ఉరవడి కొండ దాటేసేది. నిమ్మళమ్మకు కోపం వచ్చేది కాదు. రావాలన్నా దానికి చాలాసేపు పడుతుంది.

ఒక మధ్యాహ్నం సరిగ్గా ఆ మడుగు దగ్గరే, పరుగు మధ్యలో, ఉరవడికి పిల్ల పుట్టింది. పొడుగు కాళ్ళు, తడి చెవులు, నుదుట తెల్లని మచ్చ. ఉరవడి మెడ తిప్పి చూసుకుంది. ప్రాణం లాగేసింది. ఆగాలనుకుంది. కాళ్ళు వింటేగా. పుట్టిన దగ్గర్నుంచి వాటికి వచ్చిన పని ఒక్కటే.

"వదినా, పిల్లాడు జాగ్రత్త" అని కేకేసి కొండ దాటిపోయింది.

నిమ్మళమ్మ వాడికి బుడంకాయ అని పేరు పెట్టింది. తన పాలు పట్టింది. చిక్కటి గేదెపాలు వాడికి పడలేదు. ఒక గుటక తాగి, మొహం అదోలా పెట్టి కక్కేశాడు. వాడికి కావలసినవి అమ్మ పాలు. అమ్మేమో రోజుకు ఒక్కసారి, రెప్పపాటు కనిపించి మాయమవుతుంది.

"పాలు తాగావా నాన్నా?" అని అడిగేది ఉరవడి.

"లేదమ్మా" అనేవాడు బుడంకాయ. ఆ మాట కొండకు తగిలి వాడి దగ్గరికే తిరిగొచ్చేది.

వాడు చిక్కిపోయాడు. డొక్కలు బయటపడ్డాయి. ఆ డొక్కలు చూసిన రోజున ఉరవడి ప్రపంచం చుట్టూ ఏడుస్తూ తిరిగింది.

మర్నాడు మడుగు దగ్గరికి రాగానే, "ఆగడం ఎలా వదినా?" అని అడిగింది.

నిమ్మళమ్మ ఆలోచించింది. ఆలోచన పూర్తయ్యేసరికి ఉరవడి లేదు. అందుకని ఆ మర్నాడు మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది.

"ముందు అలసిపోవాలి" అంది.

"అలసట అంటే ఏంటి?" అంటూ ఉరవడి కొండ దాటేసింది.

చూశారా, ఇలా ఉంటాయి వీళ్ళ కబుర్లు. ఇవాళ అడిగితే రేపు జవాబు.

"నా దగ్గర బోలెడుంది. ఇస్తాను" అంది నిమ్మళమ్మ మరో మధ్యాహ్నం. "కానీ తీసుకున్నాక పోదు. ఇక సూర్యుడితో చుట్టి రాలేవు. బాగా ఆలోచించుకో."

పక్కనే మేస్తున్న మేకలు పడీపడీ నవ్వాయి. అలసట వదిలించుకునేవాళ్ళున్నారు గానీ, అడిగి తెచ్చుకునేవాళ్ళుంటారా అని వాటి నవ్వు.

ఉరవడి నవ్వలేదు. ఆ రోజు ఇసుక మైదానాలు, మంచుకొండలు, అలలు కొట్టే తీరాలు అన్నిటినీ కళ్ళారా చూసుకుంటూ వెళ్ళింది. అవంటే దానికి ఎంతో ఇష్టం. మళ్ళీ చూస్తానో లేదో అని దిగులేసింది.

మర్నాడు వచ్చేసరికి బుడంకాయ లేచి నిలబడలేక నేల మీదే ఉన్నాడు. అమ్మను చూసి తల మాత్రం ఎత్తాడు.

"ఇచ్చెయ్ వదినా" అంది ఉరవడి.

నిమ్మళమ్మ అప్పటికే దారికి అడ్డంగా నిలబడి ఉంది. పుట్టిన దగ్గర్నుంచి పోగుచేసుకున్న అలసటంతా గుండెల్లోకి తెచ్చుకుని, ఎదురొచ్చిన ఉరవడి మొహం మీద ఒక్క నిట్టూర్పు విడిచింది. ఆ గాలికి మేకలు రెండు దొర్లిపోయాయి. బాగా అయింది వాటికి.

నిట్టూర్పు ఉరవడి ముక్కుల్లోంచి రొమ్ములోకి దూరింది. ఊపిరి ఎగిసింది. మూతికి నురగ వచ్చింది. ఒళ్ళంతా చెమట. దౌడు పరుగయింది, పరుగు నడకయింది, నడక కూడా ఆగింది. బుడంకాయ దేక్కుంటూ వచ్చి, అమ్మ కాలు పట్టుకుని లేచి, పొదుగు అందుకున్నాడు.

"ఏం ఉరవడీ, వెనకబడ్డావేం?" అని పైనుంచి సూర్యుడు అడిగాడు.

"నువ్వెళ్ళన్నా. పిల్లాడు పాలు తాగుతున్నాడు."

"వాడు తాగేదాకా ఆగుదామంటే నాకు ఆగడం రాదు కదమ్మా" అని సూర్యుడు ఒంటరిగా పడమటికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి చుట్టూ ఏదో నల్లగా కమ్ముకొచ్చింది. ఉరవడి గజగజ వణికింది.

"ఇది చీకటమ్మా" అన్నాడు బుడంకాయ, మూతికంటిన పాలు తుడుచుకోకుండానే. "ఏమీ చెయ్యదు. నేను రోజూ చూస్తున్నానుగా." అని అమ్మకు ఆనుకుని పడుకున్నాడు.

ఉరవడి పడుకోలేదు. గేదె అలసట దాని ఊపిరిలోకి వెళ్ళింది గానీ, కాళ్ళదాకా దిగలేదు. నిలబడే కళ్ళు మూసుకుంది.

పొద్దున్నే సూర్యుడు కనపడగానే పాత ఉత్సాహంతో ఆయన వెంట దూకింది. చింతతోపు దాటేసరికి ఊపిరి అందలేదు. నవ్వుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ పిల్లాడి దగ్గరికి వచ్చేసింది.

అప్పటినుంచే గుర్రం ఎంత జోరుగా పరుగెత్తినా ఆ జోరు కాసేపే. తర్వాత నిమ్మళమ్మ నిట్టూర్పు ముక్కుల్లోంచి బుర్రుమని బయటికొస్తుంది, పరుగు నడకవుతుంది. రోజంతా వెళ్ళినా నాలుగు ఊళ్ళు దాటుతుందేమో గానీ ప్రపంచం చుట్టి రాదు. రాత్రయితే నిలబడే నిద్రపోతుంది. దారిలో గుర్రం ఆగిందని కొరడా ఎత్తకండి. ఆగడం నేర్చుకోవడానికి అది ప్రపంచమంతా వదులుకుంది.