కాలు పెట్టకూడని రాజవీధి

మేఘగిరి రాజు గజపాలుడికి ఓ మధ్యాహ్నం కునుకు తప్పింది. రాజవీధి జనంతో కిక్కిరిసి, పల్లకీ ఇరుక్కుపోవడమే కారణం. రాజ్యానికి అంతకంటే పెద్ద ఆపద ఇంకేముంటుంది!

"నగరంలో ప్రయాణికులందరూ సుఖంగా తిరగాలి. వారంలోగా ఉపాయం చెప్పండి!" అని హుకుం జారీ చేశాడు.

మంత్రి మార్తాండయ్య పాపం తెగ కష్టపడ్డాడు. పల్లకీ దిగకుండానే ఊరంతా తిరిగి, ఎదురొచ్చిన పల్లకీల్లో వాళ్ళని కష్టసుఖాలు అడిగొచ్చాడు.

"ప్రభూ, ఇకమీదట రాజవీధిలో నడక నిషేధం. పల్లకీలే పోవాలి. నడిచేవాళ్ళు కోట వెనక కొండ చుట్టి వెళ్తారు."

"ఏం, వాళ్ళు ప్రయాణికులు కారా?" అన్నాడు ఆస్థాన విదూషకుడు ఓబన్న.

"వాళ్ళు ప్రయాణికులేమిటయ్యా? వాళ్ళు అడ్డం!"

సభంతా చప్పట్లు కొట్టింది. కొట్టదూ మరి, అక్కడ అందరికీ పల్లకీలున్నాయాయె.

బయట పెరుగమ్మే ఆడవాళ్ళు లబోదిబోమన్నారు. "కొండ చుట్టి వచ్చేసరికి ఎండకి పెరుగు పులిసిపోతుంది. ఎవరు కొంటారు బాబూ? పిల్లలకి గంజి కూడా ఉండదు" అని నాగమ్మ ఓబన్న ముందు భోరుమంది. ఓబన్న తిన్నగా లోపలికెళ్ళాడు.

"మహాప్రభూ, ఈ ఆజ్ఞకి ముద్ర వేసేముందు రేపొక్కరోజు అమలు చేసి చూద్దాం. కాపలా నేను కాస్తాను."

రాజు సరేనన్నాడు. మంత్రి మురిసిపోయాడు.

"గట్టిగా కాయి! వీధిలో ఒక్క కాలు పడకూడదు. ఎవరి కాలైనా సరే!"

మర్నాడు మంత్రిగారు పట్టుతెరల కొత్త పల్లకీలో ఊరేగుతూ కొలువుకి బయల్దేరారు. ఖాళీ వీధిని చూసి మీసం దువ్వుకున్నారు. పల్లకీ నడివీధికి వచ్చేదాకా ఆగి, అరుగు మీంచి ఓబన్న కేకేశాడు.

"ఆగండాగండి! బోయీలూ, మీరు నడుస్తున్నారర్రా! దించి పక్కకి తప్పుకోండి!"

బోయీలకి అంతకంటే ఏం కావాలి? పల్లకీ దించేసి ఒక్క గెంతులో అరుగులెక్కేశారు.

"ఒరేయ్, నేను మంత్రినిరా!"

"తమరు ప్రయాణికులు, నిక్షేపంగా వెళ్ళండి. వాళ్ళే అడ్డం."

మంత్రి మండిపడుతూ కాలు బయటికి చాపాడు.

"అయ్యయ్యో, కాలు! ఎవరిదైనా సరేనని తమరే అన్నారు!"

అరుగుల మీది భటులు బల్లేలు చాచారు. కాలు చటుక్కున లోపలికి పోయింది. ఎండ ముదిరింది. పట్టుతెరల మధ్య మంత్రిగారు చెమటలు కక్కుతున్నారు.

కొలువుకి మంత్రి ఇంకా రాలేదేమని రాజు మేడ మీదికొచ్చి కిందికి చూశాడు.

"ఏమిటిది ఓబన్నా?"

"అంతా దివ్యంగా ఉంది ప్రభూ! తోపులాట లేదు, అడ్డం లేదు. ప్రయాణికుడు సుఖంగా కూర్చున్నాడు. కదలడం ఒక్కటే తక్కువ!"

రాజు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. బోయీలు నవ్వారు, భటులు నవ్వారు. వీధి చివర ఆగిపోయిన నాగమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నడివీధి నడిచేవాళ్ళదే! పల్లకీలు ఓ పక్కనుంచి పోవాలి, నాదైనా సరే!" అని రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి ఓబన్న మీదికి విసిరాడు. "మంత్రిగారూ, ఇక దిగి నడిచి రండి!"