గండయ్యను చూడడానికి వచ్చినవాళ్ళు

ఇది చాలా చిన్న కథ. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు అయిపోతుంది. కాబట్టి ఎవరూ లేవకండి, మధ్యలో మంచినీళ్ళు అడగకండి.

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన, ఇప్పచెట్టు కింద ఒక పిల్లి ఉండేది.

వాగంటే గుర్తొచ్చింది. ఎలుగుబంటి బొంతయ్య రోజూ పొద్దున్నే ఆ వాగుకే వచ్చేవాడు. తాగేది రెండు గుక్కలు. నీళ్ళలో మొహం చూసుకునేది ఎండెక్కేదాకా. ఆయన పక్కనే కొంగ తెల్లమ్మ ఒంటికాలి మీద నిలబడేది. ఎవరైనా చూస్తుంటే ఒంటికాలు, ఎవరూ లేకపోతే రెండు కాళ్ళు. ఇక నక్క కనకయ్య గురించి చెప్పాలంటే వాళ్ళ మేనత్త పెళ్ళి దగ్గర మొదలుపెట్టాలి. ఆ పెళ్ళిలో విస్తళ్ళు వెయ్యకముందే కూర మాయమైంది. ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదు. కనకయ్య మాత్రం మూడు రోజులు ఆకలి లేదన్నాడు. సరే, ఆ గొడవ మనకెందుకు. పిల్లి.

పిల్లి పేరు గండయ్య. చాలా లావు. పక్కకి తిరగాలంటే ముందు ఆయన తిరిగేవాడు, కాసేపటికి పొట్ట వచ్చి కలిసేది.

ఆ చెట్టు మీదే వరాలు అనే ఉడుత ఉండేది. చిన్నప్పుడు గూట్లోంచి జారి సరిగ్గా గండయ్య పొట్ట మీద పడింది. పిల్లి అన్నాక ఉడుతను తినాలి. కానీ తినాలంటే లేవాలి. గండయ్య కాసేపు ఆలోచించి మానేశాడు. ఆ రోజు నుంచి వరాలు ఆయన్ని "బాబాయ్" అని పిలిచేది. అమ్మానాన్నలు లేని ఉడుతకి ఆయనే ఇల్లు. ఆయన వాసనకి పాములు కూడా ఆ చెట్టు ఎక్కేవి కావు.

వరాలుకి ఒక్కటే లోపం. కుదురు లేదు. ఒక మాట మొదలుపెట్టి పూర్తిచేసేలోపు మూడు కొమ్మలు మారేది.

ఆ ఏడు వానలకి వాగు పొంగింది. ఒడ్డున పొదల వెనక గండయ్యకి ఒక ఇసుక మూల ఉండేది. పిల్లులకి అది చాలా ముఖ్యం. తవ్వాలి, కూర్చోవాలి, కప్పెట్టాలి. ఎవరూ చూడకూడదు. ఆ మూలని వాగు ఊడ్చుకుపోయింది. ఇక మిగిలింది రేవు దగ్గర ఇసుక. రేవంటే అందరూ నడిచే దారి. ఆ అడవివాళ్ళు పెద్ద మర్యాదస్తులు. కనబడినవాళ్ళని పలకరించకుండా ఒక్క అడుగు వేయరు.

"ఏం గండయ్యా, కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"పని అవుతోందా?"

"అవుతోంది."

అవడం లేదు. ఎలా అవుతుంది? గండయ్య లేచి, ఇసుక కింద ఏమీ లేకపోయినా కప్పెట్టి వెళ్ళిపోయేవాడు. అలా ఆపుకోవడం అలవాటైంది. ఆపుకుంటే దిగులు. దిగులేస్తే తినడం. తినడానికి తెల్లమ్మ ఇచ్చిన ఎండుచేపలు ఉండనే ఉన్నాయి. రేవుకి వెళితే మళ్ళీ పలకరిస్తారని నీళ్ళు తాగడం కూడా తగ్గించాడు.

ఒకరోజు పొద్దున్న వరాలు కొమ్మ మీంచి చూసింది. గండయ్య చెట్టు వెనక కూర్చున్నాడు, లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు, లేచాడు. పదోసారి మూలిగాడు. కింద ఎండుటాకు మీద రెండు చుక్కలు పడ్డాయి, అంతే.

"బాబాయ్, ఉచ్చ రావడం లేదా?"

"గట్టిగా అరవకు."

"రావడం లేదా బాబాయ్?"

"గట్టిగా అరవకన్నానా!"

వరాలు వైద్యం తెలిసిన నీరుపిల్లి రత్తమ్మ కోసం పరిగెత్తింది. దారిలో బొంతయ్య కనబడ్డాడు. "మామా, గండయ్య బాబాయికి ఒంటికి రావడం లేదు. ఎవరికీ చెప్పకు" అంది. తెల్లమ్మ కనబడింది. "పిన్నీ, నీ ఒక్కదానికే చెబుతున్నాను" అంది. కనకయ్యకి చెప్పలేదు. కనకయ్యే ఎదురొచ్చి, "గండయ్యకి ఎలా ఉంది?" అని అడిగాడు.

రత్తమ్మ ఇంట్లో లేదు. కింది మడుగులో ఎవరికో కాన్పు అట. రేపు పొద్దున్నే వస్తానని కబురు చేసింది.

వరాలు తిరిగొచ్చేసరికి చెట్టు కింద జనం.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. జబ్బుపడినవాళ్ళని చూడడానికి వెళ్ళకపోతే తప్పు. ఉత్త చేతులతో వెళితే ఇంకా తప్పు. తెచ్చింది తినకపోతే అన్నిటికన్నా పెద్ద తప్పు.

బొంతయ్య తేనెపట్టు తెచ్చాడు. "తిను గండయ్యా. బాగా చిక్కిపోయావు" అన్నాడు. గండయ్య తన పొట్ట వైపు ఒకసారి చూసుకుని, మర్యాదకి తిన్నాడు.

తెల్లమ్మ ఎండుచేపలు తెచ్చింది. "అయిందా?" అని అడిగింది.

"ఇంకా లేదు వదినా."

"మళ్ళీ ప్రయత్నించు. మేమంతా ఉన్నాంగా. చూస్తూనే ఉంటాం."

కనకయ్య ఏమీ తేలేదు. ఒక కబురు తెచ్చాడు. "మా చిన్నాన్న కొడుక్కి ఇదే జబ్బు. సరిగ్గా ఇలాగే మొదలైంది."

"తగ్గిందా బావా?" అని ఆశగా అడిగింది వరాలు.

"పోయాడు" అన్నాడు కనకయ్య, ఒక ఎండుచేప నోట్లో వేసుకుంటూ.

గండయ్య లేచి చెట్టు వెనక్కి నడిస్తే, అన్ని తలలూ ఆయనతోపాటే తిరిగేవి. ఆయన వెనక్కి వస్తే అందరూ ఒక్క గొంతుతో "అయిందా?" అనేవాళ్ళు. అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువసార్లు అడిగింది వరాలే. ఆ సాయంత్రానికి చుక్కలు కూడా ఆగిపోయాయి.

మర్నాడు రత్తమ్మ వాగులోంచి లేచి, ఒళ్ళు విదిల్చుకుని వచ్చింది. గండయ్య కళ్ళు సగం మూసి పడుకుని ఉన్నాడు. తేనె కూడా ముట్టుకోవడం లేదు. రత్తమ్మ ఆయన పొట్ట కింద మెల్లగా నొక్కి చూసింది.

"ఉచ్చతిత్తి వెలగకాయలా ఉంది. రాయి అడ్డుపడలేదు. దారే బిగదీసుకుపోయింది, భయపడినవాడి పిడికిలి లాగా. ఒళ్ళు ఇంత లావు కాకపోతే ఇంత దూరం వచ్చేది కాదు. ఇంతమంది లేకపోతే అసలు వచ్చేదే కాదు."

"తగ్గుతుందా పెద్దమ్మా?"

"పొద్దు ఆ గుట్ట దిగేలోపు ఒంటికి వస్తే తగ్గుతుంది. రాకపోతే విషం ఒళ్ళంతా ఎక్కుతుంది. రేపు నన్ను పిలవాల్సిన పని ఉండదు."

"మందేమిటి?"

"పచ్చిచేప నీళ్ళలో మెదిపి తాగించు. ఆ మొగలిపొద వెనక మంచి ఇసుక ఉంది, అక్కడికి నడిపించు. వీళ్ళందరినీ పంపెయ్యి."

"పంపే మాట నువ్వు చెప్పవా?"

"నేను వైద్యం చేస్తానే అమ్మాయ్. ఎవరితోనూ పగలు పెట్టుకోను" అని రత్తమ్మ వాగులోకి దూకింది.

వరాలు చెట్టెక్కింది. దిగింది. మళ్ళీ ఎక్కింది. చూడడానికి వచ్చినవాళ్ళని పొమ్మనడం ఆ అడవిలో ఎవరూ చేయని పని. పులి జబ్బుపడినప్పుడు జింకలు కూడా వెళ్ళి చూసొచ్చాయి. వెళ్ళినవాటికన్నా వచ్చినవి రెండు తక్కువ. అయినా ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఇప్పుడు తను పొమ్మంటే రేపటి నుంచి తనతో మాట్లాడేవాళ్ళు ఉండరు. అనకపోతే రేపటి నుంచి బాబాయ్ ఉండడు.

నాలుగోసారి దిగినప్పుడు వరాలు నేల మీదే నిలబడింది.

"మామా, పిన్నీ, బావా. అందరూ వెళ్ళిపోండి."

"అంటే?" అన్నాడు బొంతయ్య.

"అంటే లేచి, అటు తిరిగి, నడుచుకుంటూ."

"నేను తేనె తెచ్చానే!"

"మిగిలింది పట్టుకెళ్ళు మామా."

తెల్లమ్మకి కోపంతో రెండో కాలు కూడా కిందికి దిగింది. "ఎంత మాటంది! నిన్న మొన్న గూట్లోంచి పడ్డ పిల్ల!"

కనకయ్య లేచి, నేల మీద ఉన్న చేపలన్నీ నోట కరుచుకుని, నోరు నిండిపోవడం వల్ల కొంచెం ఆగి, మళ్ళీ కింద పెట్టి అన్నాడు: "రేపు నీకేదైనా అయితే నీ గుమ్మంలో ఎవరుంటారో చూస్తాను."

వరాలు పక్కకి జరిగి దారి ఇచ్చింది. "చూద్దువుగాని బావా. ముందు నడు" అంది.

వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఎవరూ చెప్పి వెళ్ళలేదు. ఆ అడవిలో అది పెద్ద తిట్టు.

వరాలు పచ్చిచేప మెదిపి నీళ్ళు తాగించింది. గండయ్యని మొగలిపొద వెనక్కి నడిపించింది. చక్కటి ఇసుక. మూడు వైపులా ముళ్ళాకులు. ఎవరికీ కనబడదు. గండయ్య తవ్వాడు, కూర్చున్నాడు. వరాలు ఎదురుగా ఒక రాయి మీద కూర్చుంది.

"అయిందా బాబాయ్?"

"లేదు."

రాయి మీంచి పుల్ల మీదికి గెంతింది. "ఇప్పుడు?"

"లేదు."

పొద్దు గుట్ట నెత్తి మీదికి వచ్చింది. వరాలు పుల్ల మీంచి మళ్ళీ రాయి మీదికి వచ్చింది. "కొంచెం కూడానా? కొంచెమైనా రావాలి కదా బాబాయ్. అందరినీ పంపేశాను కదా. ఇంకెవరున్నారు?"

గండయ్య తల ఎత్తి చూశాడు. మాట్లాడే ఓపిక లేదు. అయినా మాట్లాడాడు.

"నువ్వున్నావమ్మా."

వరాలు రాయి దిగింది. "నేను కూడానా?" అంది.

"అందరికన్నా ఎక్కువ నువ్వే" అన్నాడు గండయ్య. తిట్టినట్టు అనలేదు. అలిసిపోయినట్టు అన్నాడు.

వరాలు వెళ్ళి ఇప్పచెట్టు ఎక్కింది. మొగలిపొద వైపు వీపు తిప్పి కూర్చుంది. ఒళ్ళంతా జిలపెట్టింది. ఒక్కసారి తిరిగి చూస్తే ఏమవుతుంది అనుకుంది. తోకని నోట్లో పెట్టుకుని కొరికింది. కాళ్ళు కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. పొద్దు గుట్ట మీద సగమైంది. పావైంది. వెనక నుంచి ఏ చప్పుడూ లేదు. బాబాయ్ ఉన్నాడో లేడో కూడా తెలియదు. పిలుద్దామని గొంతు దాకా వచ్చింది. తోకని ఇంకొంచెం లోపలికి పెట్టుకుంది.

అప్పుడు ఇసుక మీద ఒక చప్పుడు మొదలైంది. సన్నగా మొదలై, ధారై, ఆగకుండా అలా పోతూనే ఉంది. చూరు నుంచి వాన కారినట్టు. ఆ తరువాత గీరి గీరి ఇసుక కప్పెట్టిన చప్పుడు.

వరాలు తిరిగి చూడలేదు. ఏడ్చింది కానీ, అది కూడా వీపు తిప్పుకునే ఏడ్చింది.

రత్తమ్మ వచ్చి నొక్కి చూసి తల ఊపింది. "ఇప్పుడు ఒళ్ళు తగ్గాలి. అలాగని ఒక్కసారిగా మాడ్చకు. లావుపాటి పిల్లి రెండు రోజులు తినకపోతే కాలేయం చెడిపోతుంది. రోజుకి ఒక్క ముద్ద తగ్గించు. ఎండుచేప మానిపించు. నాలుగు చోట్ల నీళ్ళు పెట్టు. పరిగెత్తించు" అంది.

వరాలు నాలుగు చోట్ల ఆకుదొన్నెల్లో నీళ్ళు పెట్టింది. మొగలిపొద వెనక ఒకటీ, గుట్ట చాటున ఒకటీ, రెండు ఇసుక మూలలు చూపించింది. రోజూ తను ముందు పరిగెత్తేది, ఆయన వెనక తరిమేవాడు. మొదటి రోజు గండయ్య చెట్టు చుట్టూ సగం తిరిగి కూలబడ్డాడు. నెల గడిచేసరికి మూడు చుట్లు తిరిగాడు. చలికాలానికి ఆయనకి నడుమనేది ఒకటి ఉందని తెలిసింది. ఒకరోజు వరాలు తోక ఆయన పంజాకి చిక్కింది. ఇద్దరూ కాసేపు ఇబ్బందిగా చూసుకున్నారు. గండయ్య వదిలేసి, "పద, ఇంకో చుట్టు" అన్నాడు.

అడవి మాత్రం వరాలుతో మాట్లాడలేదు. ఒకసారి కాలిలో ముల్లు దిగింది. చూడడానికి ఎవరూ రాలేదు. రెండు రోజుల్లో తగ్గిపోయింది.

ఎండలు మొదలయ్యాక బొంతయ్యకి జబ్బు చేసింది. పనసకాయలు తినీ తినీ కడుపు బిగిసింది. నాలుగు రోజులైనా దారి ఇవ్వలేదు. గుహలోంచి ఒకే ఒక్క కబురు పంపాడు.

"వరాలుని రమ్మనండి. నన్ను చూడడానికి కాదు. గుమ్మంలో కూర్చుని, వచ్చేవాళ్ళని తిట్టడానికి."

వరాలు వెళ్ళి గుహ ముందు కూర్చుంది.

అందరికన్నా ముందు గండయ్య వచ్చాడు. చక్కగా, తేలిగ్గా నడుచుకుంటూ వచ్చాడు. నోట్లో ఎండుచేప ఉంది. దాన్ని కింద పెట్టి, వరాలు నెత్తి మీదుగా మెడ సాచి లోపలికి కేకేశాడు.

"అయిందా?"

వరాలు ఆయన్ని వాగు దాకా తరిమింది.

నీతి: జబ్బుపడినవాళ్ళకి చేయగలిగిన సాయాల్లో, లేచి వెళ్ళిపోవడం కూడా ఒకటి.