పేరు కింద పేరు

చందముఖుడు మహా వాది. అతను నోరు తెరిస్తే ఎదుటివాడు నోరు మూసుకోవాల్సిందే. అంతటివాడికి ఆ రోజు ఓటమి మింగుడు పడలేదు.

కృష్ణ ఒడ్డున కొండ మీది ఆరామంలో ఇరవైతొమ్మిది మంది భిక్షువులు తమ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటున్నారు. ఎగువనున్న ఆరామం ఇలాంటి ఎన్నికలోనే రెండు ముక్కలై పాడుబడింది. తమకా గతి పట్టకూడదని వృద్ధ గురువు నాగసిరి ఒక పద్ధతి పెట్టాడు. ప్రతివాడూ తాటాకు మీద తను కోరినవాడి పేరు రాయాలి. దాని కింద, ‘ఆయన కాకపోతే ఈయన’ అని రెండో పేరు రాయాలి. సగానికి పైగా వచ్చినవాడే అధ్యక్షుడు.

మొదటి పేర్లు లెక్కపెడితే చందముఖుడికి పదమూడు, రేవతుడికి పది, బోధికుడికి ఆరు. ఎవరూ సగం దాటలేదు. గురువు అందరికంటే తక్కువ వచ్చిన బోధికుడి ఆరు ఆకులూ తీసి, రెండో పేరు చూశాడు. ఆరింటి మీదా రేవతుడే! పదహారయ్యాయి.

చందముఖుడు భగ్గుమన్నాడు.

“ఇదెక్కడి చోద్యం భంతే! అందరికంటే ఎక్కువమంది కోరింది నన్ను. ఆఖరివాడి ఆకులకు మళ్ళీ లెక్కేమిటి?”

గురువు మండిపడతాడనుకున్నారంతా. ఆ మహానుభావుడు హాయిగా నవ్వేశాడు.

“సరే నాయనా, నీ లెక్కే కానీ. అధ్యక్షుడివి నువ్వే. బావి పూడిక తీయాలి, అందర్నీ పిలు.”

చందముఖుడు గంభీరంగా లేచి పిలిచాడు. పన్నెండు మంది వచ్చి పక్కన నిలబడ్డారు. మిగతా పదహారు మందీ తలలు వంచుకుని కూర్చునే ఉన్నారు.

“రేవతా, ఇప్పుడు నువ్వు పిలు,” అన్నాడు గురువు.

రేవతుడికి పాపం, పెద్దగా మాట్లాడ్డం రాదు. గంప భుజాన వేసుకుని “పోదాం పదండి” అన్నాడు, అంతే. కూర్చున్నవాళ్ళంతా లేచారు. చందముఖుడి పక్కనున్న పన్నెండు మందీ కూడా కదిలారు.

“మీరెక్కడికి?” అన్నాడు చందముఖుడు.

“మీ పేరు కింద మేం రాసింది ఆయన్నే కదా,” అన్నాడొకడు.

మండపం ఖాళీ అయింది. గురువు కట్టలోంచి ఒక ఆకు వెతికి అతని చేతిలో పెట్టాడు. అది చందముఖుడు రాసిన ఆకే. దాని మీద ఒక్కటే పేరుంది, తనది.

“కింద ఇంకా చాలా చోటుంది నాయనా.”

చందముఖుడు గంటం అడగలేదు. మూలనున్న గంప అందుకుని, పరుగున వెళ్ళి రేవతుడి వెనక వరసలో నిలబడ్డాడు.