మార్తమ్మ గారి ఎడమ కాలు

పానకాలు బిగించిన గేర్‌బాక్సులో లోపమేమీ లేదు. అయినా ఆ కారు మూడోసారి షెడ్డుకి తిరిగొచ్చింది.

గుంటూరు ఆటోనగర్‌లో జిలానీ ఉస్తాద్ షెడ్డు అది. ఇంకెవరూ ముట్టుకోని పాత కార్లు ఆయన దగ్గరికే వస్తాయి. పానకాలు మంగళగిరి వాడు. డిప్లొమా చదివి, తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి మంచిది. ఆ సంగతి అతనికీ తెలుసు.

కారు మార్తమ్మ గారిది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అక్కడ పనిచేసిన విదేశీ డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోతూ ఆ కారు ఈవిడ చేతిలో పెట్టింది. అరవైల నాటి బండి, ఆటోమేటిక్. గేర్లు మార్చే పని లేదు, క్లచ్ లేదు. కుడికాలు ఒక్కటి చాలు. ఇరవై ఆరేళ్లు ఆ బండి మీదే ఊళ్లు తిరిగి ఎందరికో పురుళ్లు పోశారావిడ.

ఈ మధ్య ఆ ఆటోమేటిక్ పెట్టె పూర్తిగా అరిగిపోయింది. సామాన్లు ఎక్కడా దొరకలేదు.

"గేర్ల బండిగా మార్చేద్దాం అమ్మా" అన్నారు ఉస్తాద్. పని పానకాలుకి అప్పగించారు.

నలభై రోజులు పట్టింది. పానకాలు పాత జీపు గేర్‌బాక్సు వెతికి తెచ్చాడు. అడుగు రేకు కోసి గేర్‌రాడ్‌కి దారి చేశాడు. వెడల్పాటి బ్రేకు పెడల్ తీసేసి చిన్నది పెట్టాడు, దాని పక్కన క్లచ్ పెడల్ అమర్చాడు. బెజవాడ దాకా నడిపి చూసుకుని వచ్చాడు. మూతలేని గ్లాసులో టీ పెట్టుకుని వెళ్లినా చుక్క ఒలకలేదని వారం రోజులు అందరికీ చెప్పాడు.

మార్తమ్మ గారు ఎక్కితే మాత్రం బండి ఎగిరిపడి ఆగిపోతోంది.

మొదటిసారి తెచ్చినప్పుడు పానకాలు క్లచ్ సరిచూసి పంపాడు. రెండోసారి ఇంజను కూడా చూశాడు. మూడోసారి ఆవిడ నడుపుకుంటూ రాలేదు. పక్కింటి డ్రైవరు తెచ్చి వదిలి వెళ్లాడు. ఆవిడ వెనక సీట్లోంచి దిగారు.

"సిగ్నల్ దగ్గర నాలుగుసార్లు ఆగిపోయింది బాబూ. వెనక ఒకటే హారన్లు. ఒకబ్బాయి దిగొచ్చి, ఈ వయసులో మీకెందుకండీ అన్నాడు."

పానకాలు ఎక్కి ఒక చుట్టు తిప్పాడు. బండి వెన్నలా నడిచింది. దిగి తలుపు వేశాడు.

"బండిలో ఏమీ లేదండీ. తేడా అంతా మీ కాలిలోనే ఉంది."

మార్తమ్మ గారు తన కాలి వంక ఒకసారి చూసుకున్నారు. తాళాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే ఎవరైనా కొనేవాళ్లుంటే చూడు బాబూ. ఇచ్చేద్దాం."

ఉస్తాద్ అవతల కూర్చుని పెట్రోలులో కార్బురేటర్ కడుగుతున్నారు. లేచి, గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆ తాళాలు తీసుకున్నారు.

"అమ్మా, మీరు ఒక్క పది నిమిషాలు కూర్చోండి. పానకాలూ, బండి ఎక్కు."

షెడ్డు వెనక మూతపడిన పొగాకు గోడౌన్లున్నాయి. వాటి ముందు పెద్ద ఖాళీ స్థలం. పానకాలు కారుని అక్కడికి పోనిచ్చాడు. ఉస్తాద్ పక్క సీట్లో కూర్చున్నారు. కారు రెండో గేరులో సాఫీగా వెళ్తోంది.

"ఇప్పుడు ఆపు. మెల్లగా. ఎడం కాలితో బ్రేకు వెయ్యి."

"ఎడం కాలితోనా?"

"ఏం, అది నీది కాదా?"

పానకాలు నవ్వి ఎడం కాలు బ్రేకు మీద పెట్టాడు. అప్పటికే ఉస్తాద్ రెండు చేతులూ ముందు డాష్‌బోర్డుకి ఆనించి ఉన్నారు.

కారు నేలకి మేకు కొట్టినట్టు ఆగిపోయింది. పానకాలు నుదురు స్టీరింగుకి ఠప్పున తగిలింది. ఇంజను ఆగింది. దుమ్ము లేచి అద్దాల మీదుగా ముందుకు పోయింది.

"మెల్లగా అన్నాను" అన్నారు ఉస్తాద్.

"మెల్లగానే వేశాను ఉస్తాద్."

"నువ్వు మెల్లగానే వేశావు. కాలు అలా వెయ్యలేదు. దానికి క్లచ్ తొక్కడం ఒక్కటే తెలుసు."

పానకాలు మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అంతే. మూడోసారి పళ్లు బిగబట్టి, ఊపిరి కూడా ఆపి వేశాడు. ఈసారి ఎగురుడు తగ్గింది గానీ బండి ముందుకీ వెనక్కీ ఊగి ఆగిపోయింది. అతని చొక్కా చెమటకి తడిసింది.

ఉస్తాద్ తలుపు తీసుకుని దిగారు. కిటికీలోకి వంగి నెమ్మదిగా అడిగారు.

"గేర్‌బాక్సు నలభై రోజుల్లో మార్చావు. మనిషికి ఎన్ని రోజులిచ్చావు?"

జవాబు కోసం ఆగలేదు. టీ కొట్టు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయారు.

చప్పుడు విని మార్తమ్మ గారు షెడ్డు చుట్టూ తిరిగి వచ్చారు. పానకాలు నుదుటి మీద బొప్పి చూసి, దాని చుట్టూ రెండు వేళ్లతో నొక్కి చూశారు.

"కళ్లు తిరుగుతున్నాయా బాబూ?"

"లేదమ్మా."

"ఐసు పెట్టుకో. తగ్గుతుంది."

పానకాలు కారు దిగాడు. తర్వాత డ్రైవరు సీటు ముందుకి జరిపి, తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

"కూర్చోండమ్మా. చెప్పులు విప్పేయండి."

ఆవిడ కూర్చున్నారు. పానకాలు ఆ దుమ్ములోనే మోకాళ్ల మీద కూర్చుని, క్లచ్ మీదున్న ఆవిడ ఎడం పాదం మీద తన చెయ్యి వేశాడు. ఆవిడ ఉలిక్కిపడి పాదం లాక్కోబోయారు.

"అయ్యో, కాలు పట్టుకుంటావేంటి బాబూ!"

"ఉండనివ్వండమ్మా. నా చెయ్యి లేచినంతే మీ కాలు లేవాలి. అంతకంటే వద్దు."

ఆవిడ స్టార్ట్ చేసి కాలు ఎత్తగానే బండి ఎగిరి ఆగింది. "మళ్లీ" అన్నాడు పానకాలు. మళ్లీ ఆగింది. మళ్లీ అన్నాడు. ఎన్నిసార్లో ఇద్దరూ లెక్కపెట్టలేదు.

ఒకసారి కారు ఒళ్లంతా సన్నగా వణికింది.

"ఇక్కడ. ఇక్కడే ఆగండి. తెలుస్తోందా?"

మార్తమ్మ గారు కళ్లు మూసుకున్నారు.

"తెలుస్తోంది. నాడి దొరికినట్టుంది."

"ఇప్పుడు వదలండి. నెమ్మదిగా."

బండి మూరెడు దూరం ముందుకి జరిగింది. పానకాలు మోకాళ్ల మీదే దానితోపాటు జరిగాడు.